అవ్వ నడకతో కొలిచిన దారి: అలంపూర్ దారి గుర్తుల ప్రాజెక్టు డైరీ

సెప్టెంబరు 14

ఈ రోజు నా పని ఊరికి కొత్త మనిషిలా రావడం. జోగులాంబ అమ్మవారి గుడి, నవబ్రహ్మ గుళ్ళు చూడటానికి అలంపూర్ వచ్చేవాళ్ళకు దారి చూపే పలకలు పెట్టడమే ఈ ప్రాజెక్టు. అలంపూర్ మా అవ్వ ఊరు. చిన్నప్పటి ఎండాకాలం సెలవులన్నీ ఇక్కడే గడిచాయి కాబట్టి నా కళ్ళకు ఏ మలుపూ తికమకగా కనబడదు. అందుకే ఇంతకుముందు ఎప్పుడూ ఇటు రాని స్నేహితుణ్ణి కారు నడపమని, పక్క సీట్లో నోరు మెదపకుండా కూర్చున్నాను. చౌరస్తా దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి దిగినప్పటి నుంచి తను ఎక్కడ వేగం తగ్గించాడో, ఎక్కడ అద్దం దించి మనుషుల్ని అడిగాడో, ఎక్కడ ఫోను చూశాడో అన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను.

ఊరి మొదటి ఇళ్ళ దాకా ఇబ్బంది లేదు. ఆ తర్వాత మొదలైంది. ఒక కరెంటు స్తంభానికి 2020 తుంగభద్ర పుష్కరాలనాటి ఘాట్ బాణం ఇంకా వేలాడుతోంది. ఎండకు ఎర్రరంగు మొత్తం పోయి బాణం ఎటు చూపిస్తోందో తెలియడం లేదు. దాన్ని సగం కప్పుతూ ఒక పుట్టినరోజు ఫ్లెక్సీ. తను మూడుచోట్ల ఆగి అడిగాడు, మూడుచోట్లా ఒకటే జవాబు: "సీదా పోండన్నా." సీదా పోయి పోయి గుడి ముందు సందులో ఇరుక్కున్నాడు. నిమ్మకాయల బండికీ ఆటోకీ మధ్య నుంచి రివర్సు చేసుకుంటూ బయటపడేసరికి చెమటలు పట్టాయి.

దారిలో ఎడమవైపు ఖాళీ మైదానం దాటే వచ్చాం. అక్కడే ఎందుకు పెట్టలేదని అడిగాను. "అక్కడ పెడితే ఎంత దూరం నడవాలో నాకేం తెలుసు? మా అమ్మ వెంట ఉంటే?" అన్నాడు.

ఈ వాక్యం నోటుబుక్కు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాసుకున్నాను. పార్కింగ్ ఎక్కడుందో చెప్పే పలకలు ఎన్ని పెట్టినా చాలవు. దిగిన తర్వాత నడక ఎలా ఉంటుందో చెప్పకపోతే ఎవరూ దిగరు.

సెప్టెంబరు 21

అవ్వతో నడిచాను. మామూలు మనిషి నిమిషానికి సుమారు 80 మీటర్లు నడుస్తాడని దారి పలకల లెక్కల్లో వేసుకుంటారు. మైదానం నుంచి అమ్మవారి గుడి దాకా నాకు ఆరు నిమిషాలు పట్టింది. అవ్వకు పదకొండు. మధ్యలో రెండుచోట్ల కూర్చుంది, ఒకటి కిరాణా కొట్టు అరుగు, ఇంకొకటి వేపచెట్టు కింద పడున్న బండ. అమ్మవారి దగ్గరికి చెప్పుల్లేకుండానే పోతానని ఇంటి దగ్గరే విడిచి వచ్చింది. కాళ్ళు కాలకుండా తనంతట తానే ఎడమ పక్క నీడ పట్టుకుని నడిచింది. ఫోను మ్యాపు చూపించిన దగ్గరి దారిలో నీడే లేదు. అవ్వ దాన్ని వదిలేసి, ఒక సందు చుట్టు తిరిగి వచ్చింది.

"ఏంటికవ్వా, ఇటు దగ్గర గదా?" అంటే, "దగ్గరే, కాళ్ళు యాడ పెట్టాల్నో సూడు" అంది.

తీర్మానం: పలకల మీద దూరం మీటర్లలో రాయం. నిమిషాల్లో రాస్తాం, అవీ అవ్వ నిమిషాలే. నాలాంటివాడు ముందే చేరితే సంతోషిస్తాడు, ముసలావిడ మాత్రం మోసపోకూడదు. దారి కూడా అవ్వ నడిచిన నీడ దారే.

అక్టోబరు 2

నవరాత్రులు తొమ్మిది రోజులూ పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట బస్టాండు దగ్గరా, గుడి సందు మొదట్లోనూ నిలబడ్డాను. మెడలో ఒక అట్టముక్క వేలాడదీసుకున్నాను, "దారి అడగండి" అని. ఈ ప్రాజెక్టులో ఇంతకంటే పనికొచ్చిన పని ఇంకోటి లేదేమో.

జనం ఏం అడిగారో, ఏ మాటలతో అడిగారో అలాగే రాశాను. "అమ్మవారి గుడి యాడ?" అన్నదే అన్నిటికంటే ఎక్కువ. "శక్తిపీఠం ఇదేనా?" అని దూరం నుంచి వచ్చినవాళ్ళు. పద్దెనిమిది శక్తిపీఠాల్లో జోగులాంబ ఒకటి కాబట్టి ఒక్కొక్కటే చూసుకుంటూ వస్తున్నవాళ్ళు వీళ్ళు. "శివుడి గుడి", "ఏటికాడికి దారి", "దర్గాకు ఎట్ల పోవాలె?" అన్నవీ ఉన్నాయి. షా అలీ పహిల్వాన్ దర్గా గుళ్ళ పక్కనే ఉంది, అక్కడికి వచ్చేవాళ్ళు తక్కువేం కాదు. పాత పలకల్లో ఒక్కదాని మీద కూడా దర్గా పేరు లేదు. ఆడవాళ్ళు గొంతు తగ్గించి అడిగింది బాత్రూం. దానికీ ఎక్కడా బాణం లేదు.

"నవబ్రహ్మ ఆలయ సముదాయం" అని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. ఉన్న పలకల మీద పెద్దగా ఉన్నది ఆ మాటే.

దీంట్లో ఇంకో చిక్కు ఉంది. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ: పేర్లన్నిటికీ చివర బ్రహ్మ ఉన్నా తొమ్మిదీ శివాలయాలే. ఒక జంట బాలబ్రహ్మ గుడి గుమ్మం దాకా వచ్చి, "ఇది బ్రహ్మ గుడి గదా, శివుడు యాడ?" అని వెనక్కి తిరిగిపోబోయారు. కాబట్టి ప్రవేశంలో పెట్టే పలక మీద "నవబ్రహ్మ శివాలయాలు" అని రాస్తున్నాం. ఒక్క చిన్న మాట చేరిస్తే ప్రతిరోజూ ఎన్నోసార్లు చెప్పే జవాబు తప్పుతుంది. మిగతా అన్నిచోట్లా "అమ్మవారి గుడి". ఆలయం, దేవస్థానం అనే మాటలు వద్దనుకున్నాం. గుడి అంటే రెండక్షరాల్లో అయిపోతుంది, దూరం నుంచి చదవచ్చు.

అక్టోబరు 12

ఊళ్ళో దారి తప్పకుండా ఉండాలంటే తలెత్తి చూస్తే కనబడే గుర్తు ఒకటి కావాలి. హైదరాబాదులో చార్మినార్ ఆ పని చేస్తుంది. ఇక్కడ తలెత్తితే శిఖరాలు కనబడతాయి, కానీ తారక బ్రహ్మ తప్ప మిగతావన్నీ ఒకే రేఖానాగర పద్ధతిలో, కొంచెం కొంచెం వంగుతూ పైకి పోయేవి. ఏడో శతాబ్దం ప్రాంతంలో బాదామి చాళుక్యులు కట్టించిన ఈ శిఖరాలు ఎంత అందమైనవో, దారి గుర్తుగా అంత అయోమయం. "శిఖరం కనబడుతోంది గదా, అటే పోండి" అంటే ఏ శిఖరమో తెలియదు.

కాబట్టి ఇక్కడ గుర్తులు శిఖరాలు కావు. చెట్లు, అరుగులు, మలుపులు. ఊరివాళ్ళు దారి చెప్పేటప్పుడు వాడేవీ అవే.

గుడి బొమ్మ దగ్గర మాత్రం శిఖరమే గెలిచింది. ఎక్కడ చూసినా గుడికి గుర్తుగా మెట్లు మెట్లుగా లేచే గోపురం బొమ్మ వేస్తారు. ఈ గుళ్ళకు అది సరిపోదు. ఆ బొమ్మ చూసుకుంటూ వచ్చినవాడు గోపురం కోసం వెతుక్కుంటాడు. నేను స్వర్గబ్రహ్మ గుడి ఎదురుగా కూర్చుని పదిహేను సార్లు గీశాను. వంగిన రెండు గీతలు, వాటి మీద చదునైన గుండ్రటి ఆమలకం. ఆమలకం అంటే ఉసిరికాయే, దాని తొనల్లాగే రాతికీ తొనలుంటాయి. నాలుగు వేళ్ళంత చిన్నగా గీసినా ఆ తొనలు నాలుగు కనబడితే చాలు, ఊళ్ళో పిల్లలు చూడగానే "మన గుడి" అన్నారు.

అక్టోబరు 26

పేర్ల గోల ఇంకోటి. సంగమేశ్వరం అని వెతుక్కుంటూ ఒక కుటుంబం ఇక్కడికి వచ్చింది. వాళ్ళు చూడాలనుకున్నది ఎండాకాలంలో నీళ్ళ నుంచి బయటపడే గుడి. అది ఆంధ్ర వైపు. ఇక్కడున్న సంగమేశ్వరాలయం, శ్రీశైలం జలాశయంలో మునిగిపోకుండా కూడవెల్లి నుంచి రాయి రాయి విప్పి తెచ్చి మళ్ళీ నిలబెట్టింది. పాపనాశి గుళ్ళనూ ఆ ముంపు నుంచే తప్పించి ఊరికి కొంచెం దూరంగా పెట్టారు. ఇక్కడి పలక మీద ఇక "కూడవెల్లి సంగమేశ్వర గుడి" అనే రాస్తాం. పాపనాశికి నడక నిమిషాలు రాయకుండా ఆటో బొమ్మ వేస్తున్నాం. అవ్వ నడకతో అంత దూరం నడవమనడం న్యాయం కాదు.

నవంబరు 9

పలకలు ఎక్కడ పాతాలో గీసుకున్న మ్యాపు ఈ రోజు సగం చెరిపేశాను.

రక్షిత కట్టడాల చట్టం 1958 నాటిది. 2010 సవరణతో కట్టడం చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన ఇంకో 200 మీటర్లు అనుమతితోనే. ఊరి నడిబొడ్డు చాలావరకు ఈ రెండు వలయాల్లోనే ఉంది. ఇనుప పైపు పాతి కాంక్రీటు పోయడం అనే ఆలోచన గుళ్ళ దగ్గర వదులుకోవాల్సిందే. నాకు బాధేమీ లేదు. ఎక్కడ గడ్డపార వేసినా ఏ చెక్కిన రాయి తగులుతుందోనన్న ఊరు ఇది.

అందుకని దూరంగా ఊరి మొదట్లో, పార్కింగ్ మైదానాల్లో మాత్రమే పలకలు. సందుల్లో ఇంటి గోడల మీద రాతలు, ఇంటివాళ్ళు ఒప్పుకున్నచోట. ఆ సాయంత్రమే సందులో ఇల్లిల్లూ తిరిగాను. ఒకాయన, "మా గోడ మీద ఎప్పుడూ ఎవడో ఒకడు రాసి పోతనే ఉంటడు, అడిగినోడివి నువ్వే" అని టీ ఇచ్చాడు.

నవంబరు 16

అక్షరాల కొలత. 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకు ఎనిమిది మీటర్ల పైన పోతుంది. పలక చదివి, అర్థం చేసుకుని, బ్రేకు వేయడానికి ఐదు సెకన్లన్నా ఇవ్వాలి, అంటే 40 మీటర్ల ముందే కనబడాలి. ఇంగ్లీషు అక్షరాలకు 10 మీటర్ల దూరానికి 25 మిల్లీమీటర్ల ఎత్తు అని ఒక మోటు లెక్క ఉంది. ఆ లెక్కన 100 మిల్లీమీటర్లు. తెలుగుకు ఇదే ఎత్తు ఇస్తే పొరపాటు. తలకట్టు, ఇకారపు గుడి పైకి పోతాయి, ఒత్తు కిందికి దిగుతుంది, మధ్యలో అక్షరం సగానికి కుంచించుకుపోతుంది. అందుకే అసలు అక్షరమే 100 ఉండేలా, పైనా కిందా ఖాళీ కలిపి వరుసకు 200 మిల్లీమీటర్లు పెట్టుకున్నాం.

నాలుగు భాషలు పెట్టాలని మొదట అనుకున్నాను. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు. తెలంగాణకు ఉర్దూ రెండో అధికార భాష, దర్గాకు వచ్చేవాళ్ళకు అవసరం కూడా. కానీ నాలుగూ ఒకే పలక మీద పెట్టి రోడ్డు మీద నిలబెడితే ఏదీ చదవడం కావడం లేదు. ఊరి మొదటి పలక మీద తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు. సందుల్లో తెలుగు, బొమ్మ, నిమిషాల అంకె, అంతే. రాయచూరు వైపు నుంచి వచ్చిన ఒక డ్రైవరుకు తెలుగు పలక చూపిస్తే కూడబలుక్కుని చదివేశాడు. కన్నడ లిపికీ మన లిపికీ ఉన్న చుట్టరికం పని చేసింది.

నవంబరు 23

ఈ రోజు మనసు బాగాలేదు. కొత్త పలకలు ఫ్లెక్సీ షాపు నుంచి వచ్చాయి. ఏసీపీ (అల్యూమినియం) షీటు బాగుంది, రాత్రి లైటు పడితే మెరిసే రేడియం స్టిక్కరు బాగుంది. "నవబ్రహ్మ" మాత్రం బాగాలేదు.

నేను పంపింది యూనికోడ్ అక్షరాల్లో. వాళ్ళ కంప్యూటర్లో పాత డీటీపీ పద్ధతి. ఆ సాఫ్టువేరుకు ఒత్తులు కలపడం రాక, బ మీద పొల్లు పెట్టి పక్కన ర వేసింది, హ మీద పొల్లు పెట్టి పక్కన మ వేసింది. బ కింద నుంచి చుట్టి పైకి లేవాల్సిన ర ఒత్తు, అదే క్రావడి, లేదు. హ కడుపు కింద ఉండాల్సిన మ ఒత్తు లేదు. చదవడం వచ్చినవాడు కూడా రెండుసార్లు చదివితే తప్ప తెలియదు. అక్షరం విరిగిపోయినట్టుంది. ప్రూఫు చూపించమని రెండుసార్లు అడిగాను, ఫోనులో "కరెక్టే వచ్చింది సార్" అన్నారు. పన్నెండు పలకలు. డబ్బు తిరిగి రాలేదు. ఇకమీదట అక్షరాలను గీతలుగా మార్చిన ఫైలు తప్ప టైపు చేసిన ఫైలు ఎవరికీ పంపను.

చాళుక్యుల కాలం శాసనాలున్న ఊళ్ళో తెలుగు అక్షరాన్ని ఇలా నిలబెట్టడం నాకు చేతకాదు. పన్నెండింటినీ వెనక్కి తిప్పి గోడకు ఆనించాను.

నవంబరు 30

గోడలకు పెయింటర్ కావాలని వెతికితే పాత సినిమా బ్యానర్లు, ఎరువుల కంపెనీల గోడరాతలు రాసిన ఒక అన్న దొరికాడు. అరవై దాటిన మనిషి. ఫ్లెక్సీలు వచ్చాక బ్రష్షు పక్కన పెట్టి కూతురి కొట్లో కూర్చుంటున్నాడు.

గోడ దగ్గరికి రాగానే రంగు డబ్బా తెరవలేదు. కాగితం మీద ఉన్న మాటను వేలితో తడుముతూ ఒత్తులు లెక్కపెట్టాడు. "కింద ఎంత చోటు కావాల్నో తెలిసినాంకనే లైను కొట్టాల" అన్నాడు. సుద్దదారం రెండుసార్లు లాగి వదిలాడు, రెండు తెల్ల గీతలు. వాటి కింద మూడోది, సన్నగా, ఒత్తులకు. తర్వాత బ్రష్షు. బ గుండ్రాన్ని ఒకే తిప్పుడులో వేసి, క్రావడిని కింద ఎడమ నుంచి అర్ధచంద్రంలా తిప్పి, కొసను కొంచెం పైకి లేపి వదిలేశాడు. తడి ఎనామిల్ మీద వెలుతురు పడి ఆ కొస మెరిసింది. చూస్తూ నిలబడ్డ చిన్నపిల్లాడు, "నవబ్రహ్మ" అని గట్టిగా చదివాడు.

నా పన్నెండు పలకలూ కూడా ఆయన చేతే మళ్ళీ రాయిస్తున్నాను. ఆయన అక్షరానికి నా కంప్యూటరు ఫాంటు సాటిరాదు.

డిసెంబరు 14

పార్కింగ్ మైదానాలు మూడు. ఏ, బీ, సీ అని పేరు పెడితే తిరిగి వెళ్ళేటప్పుడు ఎవరికీ గుర్తుండదు. నవరాత్రుల్లో నేను చూసిన పెద్ద కష్టం అదే, రావడం కాదు, తిరిగి తమ బండి దగ్గరికి చేరడం. ఒక గుమ్మంలో పోయి ఇంకో పక్క బయటికొస్తారు. దాంతో దిక్కు తప్పుతుంది. అందుకని ప్రతి గోడరాతకూ ఎదురు గోడ మీద తిరుగు దారి రాస్తున్నాం.

పేర్లకు బొమ్మలు పెడదామని ముందు పువ్వు, చెయ్యి, చక్రం అంటూ రాసుకున్నాను. పెయింటర్ అన్న చూసి తల అడ్డంగా ఊపాడు. తామర ఒక పార్టీది, చెయ్యి ఒక పార్టీది, కారు ఒక పార్టీది. దారి చూపే చెయ్యి వేసినా, పార్కింగ్ అని కారు బొమ్మ వేసినా ఎన్నికలొస్తే సున్నం కొట్టేస్తారు. ఆయన చెప్పింది నిజం. పక్షులు, జంతువుల బొమ్మల్ని మాత్రం ఎన్నికల సంఘం కొత్తగా ఎవరికీ ఇవ్వదు. కాబట్టి చేప, ఎద్దు, చిలుక. ఎవరికీ అభ్యంతరం రాలేదు. కారు బొమ్మ బదులు నీలం పలక మీద తెల్లటి పీ అక్షరం, దాని కింద "పార్కింగ్" అని తెలుగులో. "వాహనముల నిలుపు స్థలము" అని ఊళ్ళో ఎవరూ అనరు.

చేప మైదానం ట్రాక్టర్లకు. కారుకు రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు చాలు. ట్రాలీ తగిలించిన ట్రాక్టరుకు చాలదు, అది రివర్సు చేయడం ఇంకా కష్టం. అందుకే ఒక పక్క లోపలికి, ఇంకో పక్క బయటికి, వెనక్కి తిప్పే పని లేకుండా ముగ్గుపిండితో గీతలు వేశాం.

జనవరి 23

వసంత పంచమి. బ్రహ్మోత్సవాల చివరి రోజు, అమ్మవారి నిజరూప దర్శనం. చీకటితోనే జనం.

ట్రాక్టర్లు చేప బొమ్మ చూసుకుని నేరుగా లోపలికి పోయాయి. పలక మీద "అమ్మవారి గుడి, నడక 11 నిమిషాలు, మధ్యలో కూర్చోవచ్చు" అని చదివి కారు దిగినవాళ్ళను చూశాను. ఆ "మధ్యలో కూర్చోవచ్చు" అన్న మాట దగ్గర ఒక పెద్దాయన భార్య వైపు చూసి తలూపాడు.

తప్పులూ కనబడ్డాయి. సందుల్లో ఛాతీ ఎత్తులో రాసిన గోడరాతలు జనం నిండగానే మాయమయ్యాయి. తలల పైకి, కనీసం ఏడడుగుల ఎత్తుకు రాయాలి. నేరుగా పొమ్మని పైకి చూపే బాణం వేసినచోట ఒక అవ్వ మేడ మెట్లు ఎక్కబోయింది. ఆ బాణం మొత్తం తీసేసి "ముందుకు" అని రాయాలి. బాత్రూం బాణం ముందు ఎవరో చెరుకురసం బండి పెట్టారు. బండాయనతో మాట్లాడితే తనే రెండడుగులు జరిగాడు, పైగా అడిగినవాళ్ళకల్లా చెయ్యెత్తి చూపించాడు.

సాయంత్రం మా అవ్వను ఒక్కదాన్నే పంపి వెనక నడిచాను. గుడి బయట ఆగింది, ఎదురు గోడ మీద చిలుకను చూసింది, అటు తిరిగింది. నన్ను ఒక్కసారి కూడా అడగలేదు.

ఫిబ్రవరి 1

ఎత్తు సరిచేయాల్సిన గోడలు తొమ్మిది. పెయింటర్ అన్న రేపు వస్తానన్నాడు. మలుపు ఇంటివాళ్ళకు వచ్చే వారం పెళ్ళి, గోడకు సున్నం వేస్తున్నారు. చిలుక బొమ్మ ఉన్న గోడ అదే. సున్నం ఆరినాక అదే చోట మళ్ళీ వేసుకోమన్నారు, ఈసారి కొంచెం పెద్దగా వేయమన్నారు.